కాలరు మీద కుట్టిన గ్రూపు

ఇలా దగ్గరికి జరగండి. ఆ గుమ్మం వార నిలబడ్డవాళ్ళు కూడా లోపలికొచ్చి కూర్చోండి, నా గొంతు అంత దూరం రాదు. ముందు ఒక మాట అడుగుతాను. మీలో తన రక్తం ఏ గ్రూపో ఎవరికి తెలుసు? తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి. ఊఁ, ఎత్తినవాళ్ళు ఎత్తారు, మిగతావాళ్ళు పక్కవాళ్ళ మొహాలు చూస్తున్నారు. ఫరవాలేదు, అలా చూస్తూనే వినండి. ఇది చొక్కాలు కుట్టే ఒక పెద్దమనిషి సంగతి.

ఆయన్ని వీధి వీధంతా కాలర్ మాస్టారు అనేవారు. చొక్కా ఎవరైనా కుడతారు గానీ, మెడను పట్టెయ్యకుండా, అలాగని చెవిలా వేలాడకుండా కాలరు నిలబెట్టడం ఆ చుట్టుపక్కల ఆయనకొక్కరికే చేతనయ్యేది. పాత చొక్కా మెడ దగ్గర పీలికలైపోతే ఆ కాలరు విప్పి, లోపలి వైపు పైకి తిప్పి మళ్ళీ కుట్టి ఇచ్చేవారు. తీసుకెళ్ళినవాడు అద్దంలో చూసుకుని కొత్త చొక్కా కొన్నంత సంబరపడేవాడు. ఆయన భార్య అదే కొట్లో ఓ మూల ముక్కాలిపీట మీద కూర్చుని గుండీలు కుట్టేది, అంచులు మడిచేది. అందుకని ఆవిడ అందరికీ గుండీలక్క అయింది. మిషను చప్పుడులో మొగుడు చెప్పింది పెళ్ళానికీ, పెళ్ళాం చెప్పింది మొగుడికీ సగమే వినపడేది. వాళ్ళ కాపురం అంత సజావుగా సాగడానికి అదే కారణమని నా అనుమానం.

వాళ్ళ కొట్టుకి సరిగ్గా ఎదురుగా ప్యాంట్ల మాస్టారి కొట్టు. ఈ ఇద్దరు మాస్టార్లకీ మాటల్లేవు. ఎప్పుడో ఒక వకీలుగారు ఒకే తానులో గుడ్డ చింపించి, కోటు ఇక్కడ, ప్యాంటు అక్కడ కుట్టడానికిచ్చారు. రెండూ తొడుక్కుని చూసుకుంటే పైన ఒక రంగు, కింద ఒక రంగు. కోటు మాసిందని ఆయన, ప్యాంటు వెలిసిందని ఈయన. అంతే, ఆనాటి నుంచి మాట్లాడుకోవడం మానేశారు. ఎప్పుడైనా సూది అరువు కావాల్సి వస్తే గుండీలక్కే ఇటూ అటూ నడిచేది.

ఇలా ఉండగా వీధి చివరి హాల్లో రక్తపరీక్ష క్యాంపు పెట్టారు. వచ్చిన డాక్టరమ్మ మైకు పట్టుకుని, మీ గ్రూపు మీకు తెలిస్తే చాలదు, పక్కింటివాళ్ళకి కూడా తెలియాలి, ఆపద వచ్చినప్పుడు ఎవరు ఎవరికి ఇవ్వగలరో ముందే తెలిసుండాలి అని చెప్పింది. జనం వరసలో నిలబడి వేలు చూపించి, ఎవరి కార్డు వాళ్ళు జేబులో పెట్టుకుని ఇళ్ళకి పోయారు. మర్నాడు ఇస్త్రీ ఆయన ఎవరిదో చొక్కా ఉతికేసరికి జేబులోని కార్డు కాస్తా ముద్దైపోయింది. అదిగో, అప్పుడు వెలిగింది కాలర్ మాస్టారి బుర్ర.

"కార్డు కరిగిపోతుంది, ఫోను పగిలిపోతుంది. కాలరెక్కడికి పోతుందయ్యా? మనిషి ఎక్కడుంటే అక్కడే ఉంటుంది. కాలరు లోపల గ్రూపు కుట్టేస్తే నీకు స్పృహ లేకపోయినా నీ చొక్కా చెబుతుంది," అన్నారు.

వీధివాళ్ళకి ఆ మాట ఎంతో నచ్చింది. ఇస్త్రీ ఆయన తెచ్చాడు, పాలాయన తెచ్చాడు, పూలకుండీలు అమ్మే ఆవిడ జాకెట్టు తెచ్చింది. మాస్టారు కొట్టు పేరు కుట్టే చోటే ముచ్చటగా అందరి గ్రూపులూ కుట్టిచ్చారు. అది ఎంత అలవాటైపోయిందంటే, ఇద్దరు ఎదురుపడితే కుశలం అడిగే ముందు మెడ వంచి ఒకరి కాలరు ఒకరు చదువుకునేవారు. చాలామందికి ఓ పాజిటివే. గుండీలక్కదీ అదే. ఆవిడ జాకెట్టు మెడ లోపల కూడా మాస్టారే కుట్టారు, తెల్ల దారంతో.

ఇప్పుడు చెప్పేది మీకు మాత్రమే చెబుతున్నాను. ఆ క్యాంపులో మాస్టారు పరీక్ష చేయించుకోలేదు. వరసలో నిలబడ్డ మాట నిజమే. తన వంతు దగ్గరపడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సూదితోనే బతికిన మనిషి, ఆ సూది తన వేలు వైపు రావడం చూశారు. ఎవరికో కొలత తీసుకోవాలని గొణిగి, హాలు వెనక గుమ్మంలోంచి బయటపడి, కొట్టుకొచ్చి మంచినీళ్ళు తాగారు.

"మీదేం గ్రూపండీ?" అని, వీధివాళ్ళ కాలర్లన్నీ కుట్టడం అయ్యాక ఒక సాయంత్రం గుండీలక్క అడిగింది.

మాస్టారు మిషను తొక్కడం ఆపలేదు. హాలు గోడ మీద అంటించిన కాగితం ఆయన కళ్ళ ముందు ఆడింది. అందులో అన్నిటికన్నా అరుదైనదని పెద్ద అక్షరాలతో రాసింది ఒకటుంది. వీధిలో ఎవరూ దాన్ని కుట్టమని అడగలేదు. చెయ్యి దురదపెడుతూనే ఉంది.

"ఏబీ నెగటివు," అన్నారు.

"అబ్బో," అంది గుండీలక్క. మొగుడి గొప్పతనం ఇన్నాళ్ళకి బయటపడినందుకు ఆవిడకి సంతోషం కూడా వేసింది. మాస్టారు తన చొక్కాలన్నిటి మీదా ఆ అక్షరాలు బంగారు రంగు దారంతో కుట్టుకున్నారు. నెగటివు గీత చివర చిన్న మెలిక కూడా తిప్పారు.

ఇక ఆ రోజు సంగతికొస్తాను. పొద్దున్నే మాస్టారు అనుకున్నది చాలా చిన్న పని. అదే వకీలుగారికి ఇంకో కోటు. లోపల లైనింగ్ వేసేస్తే మధ్యాహ్నానికి ఇచ్చెయ్యొచ్చు. లైనింగ్ గుడ్డ తాను అటక మీదుంది. మాస్టారు ముక్కాలిపీట లాగారు.

"ఆగండి. అల్లుడుగారు ఇటే వస్తానన్నారు. పొడుగు మనిషి, చెయ్యెత్తితే అందుతుంది," అంది గుండీలక్క.

"నేను పొట్టివాణ్ణని తిన్నగా చెప్పలేవా? మధ్యలో అల్లుణ్ణెందుకు లాగుతావు?"

"ఆ పీటకి ఒక కాలు కదులుతోందండీ."

"రోజూ నువ్వు దాని మీదే కూర్చుంటున్నావుగా. నీకు కదలనిది నాకు కదులుతుందా?"

కదిలింది. మాస్టారు కిందపడ్డారు, ఆయన మీద తాను పడింది. పడి ఊరుకోకుండా విచ్చుకుంటూ పోయింది. గుండీలక్క పరుగున వచ్చి చూసేసరికి నున్నటి ఊదారంగు గుడ్డ కింద ఎక్కడో నుంచి మూలుగు వినపడుతోంది. గుడ్డ తీస్తూ ఉంది, తీస్తూ ఉంది, ఎంత తీసినా మొగుడు దొరకడు. ఆఖరికి దొరికారు గానీ, కుడికాలు ఉండాల్సిన తీరులో లేదు.

అల్లుడు రానే వచ్చాడు. అతను కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు చేరవేసే మనిషి. దేన్నైనా పైకీ కిందకీ తిప్పకుండా, చెప్పిన చోటికి చెప్పిన వేళకి చేర్చడం అతనికి ప్రాణం. మామగారిని కూడా అలాగే చేర్చాడు. దారి పొడుగునా ఆటోవాడితో, "నెమ్మదిగా పోనీ అన్నా, లోపల పగిలే సరుకుంది," అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో మోచేతికి కూడా దెబ్బ తగిలిందని చూసి నర్సమ్మ చొక్కా కత్తిరించబోయింది. మాస్టారు కాలి నొప్పి మరిచిపోయారు.

"అమ్మాయ్, గుడ్డ మధ్యలోంచి కాదు. కుట్టు వెంబడి కోసుకుంటూ రా. మళ్ళీ అతకడానికి ఉంటుంది."

"కదలకండి తాతగారూ," అంటూ నర్సమ్మ మధ్యలోంచే కోసింది. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కాలి కోసమని అంతా అనుకున్నారు. చొక్కా పక్కన పెడుతుంటే కాలరు లోపల బంగారు రంగు మెరిసింది.

"మేడం, ఇక్కడ ఈయన గ్రూపు కుట్టి ఉందండీ. ఏబీ నెగటివ్," అంది నర్సమ్మ.

ఎముకల డాక్టరమ్మ, క్యాంపుకొచ్చినావిడ కాదు లెండి, ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసి గుండీలక్కనీ అల్లుణ్ణీ పక్కకి పిలిచింది. "తొడ ఎముక విరిగింది. రేపు పొద్దున ఆపరేషన్ చేసి కడ్డీ వెయ్యాలి. జాప్యం చేస్తే ఈయన వయసుకి మంచిది కాదు, మంచం పట్టేస్తారు. ఆపరేషన్లో రక్తం పోతుంది కాబట్టి ఎక్కించడానికి సిద్ధంగా ఉండాలి. ఈ గ్రూపు మా దగ్గర లేదు, బయట దొరకడం కూడా కష్టం. మా పరీక్ష మేం ఎలాగూ చేస్తాం, ఈలోగా మీరు వెతకడం మొదలుపెట్టండి."

మాస్టారు మంచం మీంచి ఇదంతా విన్నారు. నోరు తెరిచారు. వీధి వీధికంతా గ్రూపుల పాఠం చెప్పినవాడు, నేను మాత్రం సూదికి భయపడి పారిపోయానని ఏ మొహంతో చెబుతాడు? పైగా వాళ్ళే పరీక్ష చేస్తామంటున్నారు. నిజం దానంతటదే తేలుతుంది, తను నోరు విప్పే పనే లేదు. ఈ ఆలోచన ఆయనకి చాలా తెలివైనదిగా తోచింది. ఇంతలో ల్యాబు అమ్మాయి పళ్ళెంలో సూది పెట్టుకుని వచ్చింది. మాస్టారు తెరిచిన నోరు మూసుకున్నారు, కళ్ళు కూడా మూసుకున్నారు.

అల్లుడు ఫోను తీశాడు. తనకి తెలిసిన ప్రతి గుంపుకీ, మామగారికి ఏబీ నెగటివు రక్తం అర్జంటుగా కావాలని కబురు పెట్టాడు. కాసేపటికే వీధి వీధంతా ఆసుపత్రి వసారాలో ఉంది. అల్లుడు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అందరూ కాలర్లు తిప్పండి. ఓ పాజిటివ్ వాళ్ళు పక్కకి. బీ పాజిటివ్ వాళ్ళు కూడా పక్కకి. అబ్బా, అంతా ఓ పాజిటివేనా? దయచేసి మీరంతా ఇళ్ళకి వెళ్ళండి, దారికి అడ్డంగా ఉన్నారు."

"అల్లుడుగారూ, పని ఆపుకుని వచ్చాను. ఓ చుక్కైనా తీసుకోండి," అన్నాడు ఇస్త్రీ ఆయన.

"వద్దన్నా. మావయ్యగారిది మామూలు రక్తం కాదు."

"అంటే మాది మామూలు రక్తమా?"

"నేనలా అనలేదు."

"అన్నారు. ఇప్పుడే అన్నారు. ఏవయ్యా పాలాయనా, విన్నావా లేదా?"

"వినకేం. మనవి కాఫీలో పోసే నీళ్ళు, వాళ్ళది చిక్కటి పాలు," అన్నాడు పాలాయన. పాలల్లో నీళ్ళ సంగతి అతను ఎత్తడం అందరికీ వింతగా తోచింది గానీ, అది మాట్లాడే సమయం కాదు. ముఖాలు ముడుచుకుని సగంమంది మెట్లు దిగి వెళ్ళిపోయారు. సగంమంది తమాషా చూద్దామని ఉండిపోయారు.

గుండీలక్క కూడా చెయ్యి చాపింది. "నాది తీసుకోరాదూ?" అంది. "మీదీ ఓ పాజిటివే కదా అత్తయ్యగారూ. కూర్చోండి," అన్నాడు అల్లుడు. ఆవిడ కూర్చుంది.

అప్పుడే ల్యాబు అమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది. "మీ ఆయనది ఓ పాజిటివ్ అండీ. మా దగ్గరున్నది కొద్దిగానే, మీరెవరైనా ఇస్తే సరిపోతుంది. కంగారు పడకండి."

వేరే ఎవరైనా అయితే దండం పెట్టి ఊరుకునేవారు. గుండీలక్క మాత్రం కుర్చీలోంచి లేచింది. "ఇది మా ఆయన రక్తం కాదు."

"అయ్యో, ఆయన చేతిలోంచి నేనే తీశానమ్మా."

"తీసేటప్పుడు ఆయన కళ్ళు మూసుకునున్నారు. ఎవరి చేతిలోంచి తీశావో ఆయనకేం తెలుసు? ఆ పక్క మంచం మీదాయనది తీసుంటావు. మళ్ళీ తియ్యి. ఈసారి నేను దగ్గరుండి చూస్తాను."

మాస్టారి ముఖం పాలిపోయింది. "మళ్ళీ ఎందుకే, ఆ అమ్మాయి చెబుతోందిగా," అన్నారు నీరసంగా.

"మీరు ఊరుకోండి. రేపు వేరే రక్తం ఎక్కించేస్తే ఎవరు దిక్కు?"

మళ్ళీ తీశారు. గుండీలక్క సీసాతో పాటు ల్యాబు దాకా నడిచి, తలుపు దగ్గర నిలబడి మరీ చూసింది. మళ్ళీ ఓ పాజిటివే వచ్చింది. అప్పుడావిడకి అనుమానం మిషను మీదకి మళ్ళింది. తమ కొట్లో మిషను కూడా నూనె లేకపోతే కుట్లు దాటేస్తుందని, మీదానికి నూనె వేసి ఎన్నాళ్ళైందని అడిగింది. ల్యాబు అమ్మాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని, డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

ఈ గొడవంతా వసారాలోకి పాకడానికి ఎంతో సేపు పట్టలేదు. ముందు ఇస్త్రీ ఆయనకే తట్టింది. "మాస్టారి కాలరు మీద ఒకటి, ఒంట్లో ఒకటి ఉంటే, ఆయన కుట్టిన నా కాలరు సంగతేమిటి?" అన్నాడు. పూలకుండీలావిడ గబుక్కున తన జాకెట్టు మెడ తడుముకుంది. "నాకు బీ అని కుట్టాడు. నేనేమిటో నాకిప్పుడు తెలియడం లేదు తల్లీ," అంది. తమాషా చూడ్డానికి ఉండిపోయినవాళ్ళంతా ల్యాబు ముందు వరస కట్టారు. వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు ఈ కబురు విని దారిలోంచి వెనక్కి వచ్చారు. వసారా పొడుగునా మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడి, ముందువాడి కాలరు తిప్పి చదవడం, తల ఊపడం, అనుమానంగా మళ్ళీ చదవడం. ఏదో పని మీద అటుగా వచ్చిన ఒకాయన, ఆ ఆసుపత్రిలో అదే పద్ధతి కాబోలనుకుని తన కాలరు కూడా తిప్పి నిలబడ్డాడు.

అల్లుడికి ఒక ఆలోచన వచ్చింది. "మావయ్యగారూ, మీరు కాలర్లు విప్పి మార్చి కుడుతుంటారు కదా. ఈ కాలరు ఇంకెవరి చొక్కాదైనా పొరపాటున మీ చొక్కాకి పడిందేమో?"

మునిగేవాడికి తాడు అందినట్టైంది. "అయ్యుండొచ్చు బాబూ, అయ్యే ఉంటుంది," అన్నారు మాస్టారు ఆత్రంగా.

"అయితే ఆ ఏబీ నెగటివు మనిషెవరు?" అన్నాడు అల్లుడు. "పాపం అతనికి మీ కాలరు పడి ఉంటుంది. రేపు అతనికేమైనా అయితే మనదేగా పాపం. ముందు అతన్ని వెతకాలి." అని మళ్ళీ ఫోను తీసి అందరికీ ఇంకో కబురు పెట్టాడు. మొదటి కబురుకి వస్తున్నవాళ్ళకి ఈ రెండో కబురు అందింది. ఇప్పుడు వెతకాల్సింది రక్తం ఇచ్చేవాడినా, చొక్కా పోగొట్టుకున్నవాడినా అన్నది ఎవరికీ బోధపడలేదు. కొందరు రక్తంతో, కొందరు చొక్కాలతో వచ్చారు.

ఆ దారీ ఎంతో దూరం పోలేదు. వేరే ఊళ్ళో ఉద్యోగం పని మీదున్న కూతురు ఫోను చేసి, "అమ్మా, నాన్న చొక్కాలన్నిటి మీదా అదే ఉందిగా, అన్ని కాలర్లూ ఎలా మారిపోతాయి?" అంది. గుండీలక్క పక్కింటావిడ చేత బీరువాలోని చొక్కాలన్నీ మూటగట్టి తెప్పించింది. మంచం మీద ఒక్కొక్కటే పరిచి, కాలరు తిప్పి చూపించింది. నీలం చొక్కా, బంగారు దారం. తెల్ల చొక్కా, బంగారు దారం. పైజమా మీదకి వేసుకునే పాత చొక్కాకి కూడా బంగారు దారమే, గీత చివర మెలికతో సహా.

డాక్టరమ్మ చొక్కాలని చూసింది, మాస్టారిని చూసింది. "అసలు మీకు పరీక్ష ఎక్కడ చేశారు?"

"క్యాంపులోనండీ."

"ఎవరు చేశారు?"

"లావుగా ఒకాయన. మంచాయనే. పొడిచినట్టు కూడా తెలియలేదు." మొదటి అబద్ధం తర్వాత మిగతావి ఇంత సులువుగా వస్తాయని ఆయనకే తెలియదు.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "అక్కడ ఒకటి, ఇక్కడ రెండుసార్లు ఇంకొకటి. ఇలా తేడా వచ్చినప్పుడు ఎందుకొచ్చిందో తేలకుండా రక్తం ఎక్కించే ప్రశ్నే లేదు. మళ్ళీ తీసి పెద్ద ల్యాబుకి పంపిద్దాం. ఈసారి కొంచెం ఎక్కువే తియ్యాలి. అది తేలేదాకా రేపటి ఆపరేషన్ వాయిదా."

వాయిదా అన్న మాట వినగానే గుండీలక్క గొంతు మారిపోయింది. అప్పటిదాకా అందరినీ గదమాయించిన మనిషి మంచం పట్టి పట్టుకుని, "ఆయన కాలు మడవకుండా ఉంటే మిషను తొక్కేదెలాగమ్మా," అంది మెల్లగా. మాస్టారు ఆ మాట విని గోడ వైపు తిరిగారు. అటువైపు ల్యాబు అమ్మాయి ఇందాకటి కన్నా పెద్ద సూది తీసి సర్దుతోంది. మళ్ళీ ఇటు తిరిగారు.

సరిగ్గా అప్పుడు వసారాలో జనం పాయలుగా విడిపోయారు. ప్యాంట్ల మాస్టారు వచ్చారు. భుజం మీద టేపు తియ్యడం కూడా మరిచిపోయినట్టున్నారు. కుడిచేతి చొక్కా మోచేయి దాకా మడిచి ఉంది. ఎవరి వైపూ చూడకుండా తిన్నగా డాక్టరమ్మ దగ్గరికెళ్ళి చెయ్యి చాపారు.

"నాది ఏబీ నెగటివు. ఇదిగో కార్డు. తీసుకోండి."

అల్లుడు సంతోషంతో ఆయన్ని ఎత్తుకోబోయి తమాయించుకున్నాడు. గుండీలక్క కళ్ళొత్తుకుంది. కాలర్ మాస్టారు మాత్రం ఆ చాచిన చేతినే చూస్తున్నారు. ఆ చెయ్యి వణుకుతోంది. ఇన్నేళ్ళుగా ఎదురు కొట్లో కత్తెర ఆడిస్తుంటే రోజూ చూసిన చెయ్యి, ఎన్నడూ వణికింది లేదు. ఇతనికీ సూదంటే భయమేనని ఆయనకి అప్పుడే తెలిసింది. అంత భయం ఉన్నవాడు చొక్కా మడుచుకుని వచ్చాడు, ఎవరి కోసం, ప్యాంటు వెలిసిందన్నవాడి కోసం. ఇప్పుడు గానీ ఊరుకుంటే ఈ మనిషి చేతిలో సూది దిగుతుంది. దిగితే ఆ రుణం జన్మలో తీరేది కాదు. తన ఒంట్లో ప్యాంట్ల మాస్టారి రక్తం తిరుగుతోందని ఎదురు కొట్లోంచి రోజూ వినాలి.

"ఆపండి," అన్నారు మాస్టారు. "నాది ఏబీ నెగటివు కాదు."

"మరి?" అన్నారందరూ ఒకేసారి.

"ఏమో. నేను పరీక్షే చేయించుకోలేదు. సూది చూసి వెనక గుమ్మంలోంచి వచ్చేశాను. ఆ అక్షరాలు బాగున్నాయని కుట్టుకున్నాను."

ఇస్త్రీ ఆయన ముందుగా తేరుకుని, "అయితే నా కాలరు?" అన్నాడు. "నీది సరైనదే, నీ కార్డు చూసే కుట్టాను," అన్నారు మాస్టారు. "నాదో?" అంది పూలకుండీలావిడ. "నీదీ సరైనదే. అందరివీ సరైనవే. తప్పంతా నా ఒక్కడి కాలరే." వరస వరసంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. దారినపోతూ వరసలో నిలబడ్డ ఆయన మాత్రం, తన కాలరు మీద అసలేమీ లేదేమిటని ఇంకా వెతుక్కుంటున్నాడు.

ప్యాంట్ల మాస్టారు చొక్కా చెయ్యి నెమ్మదిగా కిందకి దించుకున్నారు. "నువ్వు వెనక గుమ్మంలోంచి పోవడం నేను చూశాను. వరసలో నీ వెనకే ఉన్నాను," అన్నారు.

"చూశావా? మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఊళ్ళోవాళ్ళకి చెబితే చాడీ అవుతుంది. నీకు చెబుదామంటే మనకి మాటల్లేవుగా."

"మరి ఇప్పుడెందుకొచ్చావయ్యా?"

"తర్వాత ఎక్కడో చేయించుకున్నావనుకున్నాను. అబద్ధాన్ని బంగారు దారంతో కుట్టుకుంటావని ఎవరనుకుంటారు?"

గుండీలక్క మొగుడి వైపు ఒక చూపు చూసింది, అంతే. ఆ చూపు సంగతి నేను చెప్పను, పెళ్ళైనవాళ్ళకి తెలుసు, కానివాళ్ళకి తెలుస్తుంది. ఆ తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "ఆయనది ఓ పాజిటివేనంటారుగా. నాదీ అదే. మెడ మీద ఆయనే కుట్టారు. పట్టండి," అని చెయ్యి చాపింది. పొద్దున్నుంచి ఆవిడ చాపుతున్నది ఆ చెయ్యే.

"మీరొక్కరే చాలరు, ఇంకొకరో ఇద్దరో కావాలి," అంది డాక్టరమ్మ.

అల్లుడికి చెమటలు పట్టాయి. పొద్దున్నుంచి అతను ఇళ్ళకి పొమ్మన్నదంతా ఆ గ్రూపువాళ్ళనే. వసారా చివర దాకా పరిగెత్తి, మెట్ల మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్న ఇస్త్రీ ఆయన ముందు నిలబడ్డాడు.

"అన్నా, ఒకసారి లోపలికి రావాలి."

"నాకెందుకండీ. మాది మామూలు రక్తం."

"మావయ్యగారిది కూడా మామూలు రక్తమేనట అన్నా."

"ఆ మాట అందరికీ వినపడేలా చెప్పండి."

అల్లుడు వసారా మధ్యలో నిలబడి, తన మామగారిది అతి మామూలు రక్తమని, వీధిలో ఎవరి రక్తానికీ అది ఏ మాత్రం ఎక్కువ కాదని గట్టిగా చెప్పాడు. పాలాయన ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఆ పైన ఇద్దరూ చేతులు కడుక్కుని లోపలికెళ్ళారు.

ఎక్కించబోయే రక్తంతో సరిచూడాలని మాస్టారి దగ్గర మాత్రం ఇంకొక్కసారి తియ్యాల్సి వచ్చింది. ల్యాబు అమ్మాయి పళ్ళెం పట్టుకుని దగ్గరికి రాగానే మాస్టారు దుప్పటి పైకి లాక్కున్నారు. ప్యాంట్ల మాస్టారు కుర్చీ జరుపుకుని పక్కన కూర్చుని, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఇప్పుడైనా ఒప్పుకో. ఆ వేళ మాసింది నీ కోటేగా."

కాలర్ మాస్టారు సూది సంగతి మరిచి తల ఎత్తారు. "నా కోటా? నీ ప్యాంటు వెలిసింది. పొద్దస్తమానం కొట్టు ముందు ఎండలో వేలాడదీస్తే వెలవక ఏమవుతుంది?"

"నువ్వు ఇస్త్రీపెట్టె కింద మాడ్చి నా మీద పెట్టకు."

"నేను మాడ్చానా? వకీలుగారిని పిలు, ఆయన్నే అడుగుదాం."

"అయిపోయిందండీ," అంది ల్యాబు అమ్మాయి. ఇద్దరూ వినిపించుకోలేదు. ఆవిడ దూది అద్ది, సీసా పట్టుకుని వెళ్ళిపోయిన తర్వాత కూడా కోటూ ప్యాంటూ గొడవ నడుస్తూనే ఉంది. మాటలు కలవడమంటే వాళ్ళిద్దరికీ అదే.

మర్నాడు ఆపరేషన్ చక్కగా జరిగింది. గుండీలక్క రక్తం, ఇస్త్రీ ఆయన రక్తం ఆయనకి ఎక్కాయి. పాలాయనది దాచిపెట్టారట. తనది వాడలేదని అతనికి ఇప్పటికీ కొంచెం గుర్రుగానే ఉంది. కొన్నాళ్ళకి మాస్టారు మళ్ళీ మిషను తొక్కారు, ముక్కాలిపీటకి కొత్త కాలు వేయించారు. ఆసుపత్రివాళ్ళు ప్యాంట్ల మాస్టారి ఫోను నంబరు అపురూపంగా రాసిపెట్టుకున్నారు. ఆ సంగతి ఆయన ప్యాంటు కొలతకొచ్చిన ప్రతివాడికీ నడుం కొలిచేలోపు చెప్పేవారు. తన గ్రూపు కూడా కుట్టించుకోవడానికి రోడ్డు దాటి ఎదురు కొట్టుకొచ్చారు గానీ, కాలరు మీద కుడతానంటే ఒప్పుకోలేదు. కాలర్ల మీద తనకి నమ్మకం పోయిందని, ప్యాంటు నడుం పట్టీ లోపల కుట్టమని కూర్చున్నారు. బంగారు దారంతో కుట్టారు. ఈసారి ఆ దారానికి తగిన మనిషే దొరికాడు.

ఇదీ కథ. మీరు లేచి వెళ్ళే ముందు ఇది ఒకసారి మనసులో మడిచి పెట్టుకోండి. ఇంటికెళ్ళి మీవాళ్ళని కూర్చోబెట్టి చెప్పండి. చెప్పేటప్పుడు నేను మరిచిపోయినవి మీరు కలిపినా నాకేం కోపం లేదు, గ్రూపు మాత్రం కలపకండి. వెళ్ళి వేలు చూపించి కనుక్కోండి, కనుక్కున్నది పక్కింటివాళ్ళకి కూడా చెప్పండి. మాస్టారి పాత కాలర్లన్నీ గుండీలక్కే విప్పి, తిప్పి, తన చేత్తోనే మళ్ళీ కుట్టింది. ఇప్పుడు వాటి లోపల మామూలు తెల్ల దారంతో ఇలా ఉంటుంది: "ఓ పాజిటివ్. నమ్మకం లేకపోతే పరీక్ష చేసుకోండి. చేసేటప్పుడు ఇద్దరు పట్టుకోండి."